శవం ఎక్కడిదని అడగని డాక్టరు: 1945 నాటి 'ది బాడీ స్నాచర్'

రాత్రిపూట ఒక మెడికల్ స్టూడెంట్ గుర్రపు బండి తోలే మనిషిని వెతుక్కుంటూ వెళ్తాడు. ఒక శవం కావాలి. కారణం మంచిదే. నడవలేని చిన్నపిల్లకు వెన్నెముక ఆపరేషన్ చేయాల్సి ఉంది. దానికి ముందు డాక్టరు ఒక శవాన్ని కోసి చూసుకోవాలి. కాలేజీలో చూస్తే శవాలు లేవు. శ్మశానాల దగ్గర కాపలా పెరిగింది, కష్టమే అంటాడు బండివాడు. ఆ వీధుల్లోనే పాటలు పాడి చిల్లర అడుక్కునే ఒక అమ్మాయి ఉంది. ఆమె పాడుకుంటూ ఒక చీకటి కమాను కిందికి నడిచి వెళ్తుంది. వెనకే గుర్రపు బండి నిదానంగా అదే చీకట్లోకి వెళ్తుంది. కెమెరా మాత్రం ఉన్నచోటే ఉంటుంది. కనిపించేది ఖాళీ కమాను, వినిపించేది పాట. ఒక చరణం మధ్యలో పాట ఆగిపోతుంది. అరుపు లేదు, పెనుగులాట లేదు. స్టూడెంట్ అడిగిన సరుకు కాలేజీకి చేరుతుంది.

1945లో ఆర్‌కేఓ స్టూడియో విడుదల చేసిన 'ది బాడీ స్నాచర్'లోని ఈ సన్నివేశాన్ని, ఏమీ చూపించకుండా శబ్దంతోనే భయపెట్టడానికి ఉదాహరణగా చెబుతుంటారు. ఆ మాట నిజమే. అయితే సన్నివేశం అసలు బలం అక్కడ లేదు. చంపింది బండివాడు గ్రే. అడిగింది మాత్రం ఫెటిస్ అనే కుర్రాడు, సినిమాలో అందరికన్నా మంచివాడు. అతను హత్య చేయమనలేదు. శవం కావాలన్నాడు, అంతే. శవం ఎలా వస్తుందో పట్టించుకోకుండా అడిగే ఆ మర్యాదస్తుల అడగడం మీదే ఈ సినిమా మొత్తం నిలబడి ఉంది. సమాధులు తవ్వేవాడిని చూపించి భయపెట్టే సినిమాలు చాలా ఉన్నాయి. కొనేవాడి వైపు నుంచి కథ నడిపినవి తక్కువ.

తీసినవాళ్ల గురించి కొంచెం. దర్శకుడు రాబర్ట్ వైజ్ అప్పటికి కొత్తవాడు. 'సిటిజన్ కేన్'కు ఎడిటర్‌గా పనిచేసి, దర్శకత్వంలోకి వచ్చి ఏడాదే అయింది. తర్వాతి కాలంలో 'వెస్ట్ సైడ్ స్టోరీ', 'ది సౌండ్ ఆఫ్ మ్యూజిక్' సినిమాలకు ఆస్కార్లు అందుకున్నది ఈయనే. నిర్మాత వాల్ ల్యూటన్. చౌకగా, చిన్న నిడివిలో హారర్ సినిమాలు తీసిపెట్టమని స్టూడియో ఆయనకు 1942లో ఒక విభాగం అప్పగించింది. పేర్లు కూడా స్టూడియోనే ఇచ్చేది. ఆ నాసిరకం పేర్ల కింద ఆయన 'క్యాట్ పీపుల్' లాంటి సినిమాలు తీశాడు. వాటిలో రాక్షసులు దాదాపు కనిపించరు. నీడ, అడుగుల చప్పుడు, చీకట్లో ఏదో కదలడం, ఇవే ఆయన సరంజామా. డబ్బు లేకపోవడం కూడా దానికి ఒక కారణం. 'ది బాడీ స్నాచర్' స్క్రీన్‌ప్లేలో ఫిలిప్ మెక్‌డొనాల్డ్ పేరు పక్కన కనిపించే కార్లోస్ కీత్ కూడా ల్యూటనే, అది ఆయన మారుపేరు.

కథకు మూలం రాబర్ట్ లూయీ స్టీవెన్‌సన్ 1884లో ఒక పత్రిక క్రిస్మస్ ప్రత్యేక సంచికకు రాసిన చిన్న కథ. స్టీవెన్‌సన్ స్కాట్లండ్‌లోని ఎడిన్‌బరోలో పుట్టి పెరిగినవాడు. శవాలు అమ్ముకోవడం కోసం మనుషుల్ని చంపిన బర్క్, హేర్ పేర్లు చెప్పి ఆ ఊళ్లో పిల్లల్ని భయపెట్టే రోజులు అవి. ఆయన కల్పించింది కొంచెమే, మిగతాదంతా ఊరి చరిత్ర. ఆ చరిత్ర తెలియకపోతే సినిమాలో సగం మాటలు గాలికి పోతాయి.

అనాటమీ, అంటే శరీర నిర్మాణ శాస్త్రం, నేర్చుకోవాలంటే మనిషి శరీరాన్ని కోయాలి. పద్దెనిమిదో శతాబ్దం బ్రిటన్‌లో డాక్టర్లకు చట్టప్రకారం దొరికేవి ప్రధానంగా ఉరితీసిన హంతకుల శవాలు. 1752 నుంచి అమలైన చట్టం హంతకుడి శవాన్ని పూడ్చకూడదని, డాక్టర్లకు ఇవ్వాలని లేదా గొలుసులకు వేలాడదీయాలని చెప్పింది. శవాన్ని కోయడం శిక్షలో భాగం. చావు తర్వాత కూడా వదలని అవమానంగా దాన్ని ఉద్దేశించారు. పునరుత్థానం రోజున దేహంతోనే లేస్తామని నమ్మే జనానికి అది ఉరికన్నా ఎక్కువ భయం. ఆ భయాన్ని చట్టమే తయారుచేసి, ఆ తర్వాత అదే పని పవిత్రమైన విద్య అని కాలేజీలు చెబితే జనం ఎందుకు నమ్ముతారు?

పందొమ్మిదో శతాబ్దం మొదటికి లెక్క పూర్తిగా తప్పింది. మెడికల్ స్టూడెంట్లు వందల్లో పెరిగారు. ఉరిశిక్షలు తగ్గాయి. ఎడిన్‌బరోలో యూనివర్సిటీ మాత్రమే కాదు, బయట ప్రైవేటు అనాటమీ క్లాసులు కూడా నడిచేవి. ఇప్పటి కోచింగ్ సెంటర్లలాగే పేరున్న లెక్చరర్ దగ్గరికి స్టూడెంట్లు ఎగబడేవాళ్లు, ఫీజులు నేరుగా ఆయన జేబులోకే వెళ్లేవి. యూనివర్సిటీలో అనాటమీ చెప్పిన మూడో అలెగ్జాండర్ మన్రో పాఠం నీరసంగా ఉండేదని అప్పట్లోనే పేరు. ఆయన తాతగారి నోట్సే చదివి వినిపించేవాడని చెప్పుకునేవారు. సర్జన్స్ స్క్వేర్ 10వ నంబరులో రాబర్ట్ నాక్స్ క్లాసుకు మాత్రం 500 మందికి పైగా వచ్చేవాళ్లు. చిన్నప్పుడు మశూచితో ఒక కన్ను పోయినా, ఖరీదైన బట్టలు వేసుకుని, నటుడిలా పాఠం చెప్పేవాడాయన. తాజా శవం మీద పాఠం ఉంటుందని ప్రకటించుకోవడమే ఆ వ్యాపారంలో పెద్ద ఆకర్షణ. శవం లేకపోతే క్లాసు లేదు, క్లాసు లేకపోతే ఫీజు లేదు.

అందుకే శవాల దొంగలు పుట్టుకొచ్చారు. వాళ్ల పని చలికాలంలో ఎక్కువ. శవం త్వరగా పాడవదు, క్లాసులూ అప్పుడే. సమాధి మొత్తం తవ్వేవాళ్లు కాదు. తల ఉన్న వైపు మాత్రం గొయ్యి తీసి, పెట్టె మూత విరగ్గొట్టి, తాడు వేసి శవాన్ని పైకి లాగేవాళ్లు. చప్పుడు రాకుండా చెక్క పారలు వాడేవాళ్లు. ఇంగ్లండ్‌లో ఇంకో విచిత్రం ఉంది. చట్టం దృష్టిలో శవం ఎవరి ఆస్తీ కాదు కాబట్టి దాన్ని ఎత్తుకుపోవడం దొంగతనం కిందికి రాదు, చిన్న నేరం మాత్రమే. దాని మీద ఉన్న గుడ్డ తీసుకెళ్తే మాత్రం పెద్ద నేరం. అందుకని తెలివైన దొంగ గుడ్డల్ని మళ్లీ పెట్టెలో పడేసి శవాన్ని నగ్నంగా మోసుకుపోయేవాడు. డబ్బున్నవాళ్లు సమాధుల మీద ఇనుప బోనులు బిగించుకున్నారు. ఎడిన్‌బరో గ్రేఫ్రయర్స్ శ్మశానంలో అవి ఇప్పటికీ చూడవచ్చు. కొన్ని శ్మశానాలకు కాపలా బురుజులు కట్టారు. బోను కొనుక్కోలేని వాళ్ల సమాధులే దొంగలకు మిగిలాయి.

విలియం బర్క్, విలియం హేర్ మాత్రం ఒక్క సమాధి కూడా తవ్వలేదు. ఇద్దరూ ఐర్లండ్ ఉత్తర భాగం నుంచి కూలి పనికి వచ్చినవాళ్లు. ఎడిన్‌బరో వెస్ట్ పోర్ట్ పేటలో టానర్స్ క్లోజ్ అనే సందులో హేర్‌కు ఒక చౌక లాడ్జింగు ఇల్లు ఉండేది. 1827 నవంబరులో అక్కడ అద్దెకుండే ఒక ముసలి మాజీ సైనికుడు జబ్బుచేసి చచ్చిపోయాడు. హేర్‌కు అతను 4 పౌండ్లు బాకీ. పెట్టెలో తోళ్లు పదును చేసే చెట్టు బెరడు నింపి, పెట్టెను పాతిపెట్టించి, శవాన్ని నాక్స్ స్కూలుకు తీసుకెళ్తే 7 పౌండ్ల 10 షిల్లింగులు వచ్చాయి. బాకీ తీరింది, పైన లాభం. తర్వాత చావు కోసం ఎదురుచూడటం మానేశారు. 1828లో కాస్త అటూ ఇటూగా పదినెలల కాలంలో 16 మందిని చంపారు. పద్ధతి ఒకటే. విస్కీ తాగించడం, స్పృహ తప్పాక ఒకడు మీద పడుకోవడం, ఒకడు ముక్కూ నోరూ మూసేయడం. గాయం కనిపించదు. శవం తాజాగా, మచ్చలేకుండా ఉంటుంది కాబట్టి రేటు 8 నుంచి 10 పౌండ్లు పలికేది.

చంపబడ్డవాళ్లు ఎవరో చూస్తే ఆ ఊరి అట్టడుగు పటం కనిపిస్తుంది. లాడ్జిలో దిగిన ముసలివాళ్లు, అడుక్కునేవాళ్లు, మేరీ పాటర్సన్ అనే యువతి. ఆమె శవం వచ్చినప్పుడు నాక్స్ మనుషుల్లో కొందరు ముఖం గుర్తుపట్టారని తర్వాత బయటపడింది. ఇంకొకతను జేమ్స్ విల్సన్, పాతబస్తీలో అందరికీ తెలిసిన అమాయక కుర్రాడు. పాదం వంకర కాబట్టి దూరం నుంచే పోల్చుకునేవాళ్లు. అతని శవం బల్ల మీద కనిపించినప్పుడు స్టూడెంట్లు పేరు చెబితే, నాక్స్ కాదని కొట్టిపారేశాడని చెబుతారు. చివరికి 1828 అక్టోబరు 31 రాత్రి చనిపోయిన మార్గరెట్ డాకర్టీ శవాన్ని గడ్డి కింద చూసింది అదే ఇంట్లో దిగిన భార్యాభర్తలు, జేమ్స్ గ్రే, ఆన్ గ్రే. నోరు మూసుకుంటే వారానికి 10 పౌండ్లు ఇస్తామన్నారు. ఆ రోజుల్లో కూలీ కుటుంబానికి అది ఊహించలేని సొమ్ము. వద్దనుకుని వాళ్లు పోలీసుల దగ్గరికి వెళ్లారు. 500 మంది చదువుకున్నవాళ్లు, వాళ్ల గురువు, గురువు అసిస్టెంట్లు ఏడాదిపాటు చేయని పనిని, చేతిలో చిల్లిగవ్వలేని ఆ ఇద్దరు చేశారు.

డిసెంబరు 24న మొదలైన విచారణ క్రిస్మస్ రోజు ఉదయం ముగిసింది. హేర్ సాక్షిగా మారి బతికిపోయాడు. బర్క్‌ను 1829 జనవరి 28న వేలాది మంది చూస్తుండగా ఉరి తీశారు. శవాన్ని కోసింది ఎవరో కాదు, పాఠం నీరసంగా చెబుతాడని పేరుపడ్డ మన్రో. బర్క్ అస్థిపంజరం ఇప్పటికీ ఎడిన్‌బరో యూనివర్సిటీ అనాటమీ మ్యూజియంలో ఉంది. నాక్స్ మీద కేసే లేదు. కోర్టులో సాక్ష్యం చెప్పే అవసరం కూడా ఆయనకు రాలేదు. జనం ఆయన దిష్టిబొమ్మను తగలబెట్టారు. తర్వాత మెల్లగా పేరు పోయి, లండన్ చేరి, 1862లో పోయాడు.

సినిమా కథ జరిగేది 1831లో. ఈ తేదీ ఎంపికలో తెలివి ఉంది. బర్క్ ఉరికి రెండేళ్లు దాటింది, శవాల కరువు మాత్రం తీరలేదు. నాక్స్ తెరమీదికి రాడు. ఆయన శిష్యుడు డాక్టర్ మెక్‌ఫర్లేన్ ఉంటాడు. హెన్రీ డేనియల్ చేసిన పాత్ర ఇది. గట్టి డాక్టరు, మాటలో చురుకు, ముఖంలో ఎప్పుడూ ఏదో దాచిపెట్టుకున్న బిగువు. అప్పటి విచారణలో ఈయన పేరు బయటికి రాకుండా కాపాడినవాడు గ్రే. ఆ గ్రే ఇప్పుడు పగలు బండి తోలుతూ, రాత్రి శవాలు మోసుకొస్తూ, ఎప్పుడు పడితే అప్పుడు డాక్టరు ముందు ప్రత్యక్షమై పాత ముద్దుపేరుతో పిలుస్తుంటాడు. అందరి ముందూ 'టాడీ' అని ఆ పిలుపు వినబడిన ప్రతిసారీ డాక్టరు ముఖం కందిపోతుంది.

గ్రేగా వేసింది బోరిస్ కార్లాఫ్. 1931 'ఫ్రాంకెన్‌స్టైన్'లో దొంగిలించిన శవాల ముక్కలతో కుట్టిన రాక్షసుడిగా పేరు తెచ్చుకున్న నటుడు, 14 ఏళ్ల తర్వాత ఆ శవాలు ఎత్తుకొచ్చేవాడయ్యాడు. ఆయన చేసిన మంచి పాత్రల్లో ఇది ముందు వరసలో ఉంటుంది. మేకప్ దాదాపు లేదు. నవ్వు, తలకు పాత టోపీ, మర్యాద ముసుగేసుకున్న వెటకారం. మొదట్లోనే అతను నడవలేని పాప జార్జినాను బండిలోంచి ఎత్తి దించి, తన తెల్ల గుర్రాన్ని పరిచయం చేస్తాడు. ఆ ప్రేమలో నటన కనిపించదు. కొద్దిసేపటికే సమాధి తవ్వుతూ, యజమాని గోరీ దగ్గర కాపలా కూర్చున్న చిన్న కుక్కను పారతో కొట్టి చంపుతాడు. గ్రేఫ్రయర్స్‌లో యజమాని సమాధిని వదలని కుక్క కథ ఎడిన్‌బరోలో ప్రసిద్ధం. అది నిజానికి 1858 తర్వాతి సంగతి, సినిమావాళ్లు ముందుకు లాగారు. ఆ కుక్క యజమాని పేరు జాన్ గ్రే. సినిమాలో కుక్కను చంపేవాడి పేరూ జాన్ గ్రేనే. బర్క్, హేర్‌లను పట్టించిన దంపతుల ఇంటిపేరూ గ్రే. ఊరి చరిత్ర తెలిసినవాళ్లకు ఇదొక చేదు జోకులా అనిపిస్తుంది.

డాక్టరుకీ గ్రేకీ మధ్య సంబంధాన్ని బ్లాక్‌మెయిల్ అని తేల్చేయడం తేలిక. సినిమా అంతకన్నా లోతుకు వెళ్తుంది. గ్రేకు డబ్బు పెద్దగా అక్కర్లేదు. ఒకచోట తనే చెప్పుకుంటాడు: తాను చిన్నవాడు, పేదవాడు, ఇష్టంలేని పనులు చాలా చేయాల్సి వచ్చింది. ఇంత పెద్ద డాక్టరు తన ఈలకు గంతులేసినంత కాలమే తాను మనిషి. అది పోతే మిగిలేది బండివాడూ సమాధుల దొంగా. 1945 నాటి చవక హారర్ సినిమాలో విలన్‌కు ఈ మాటలు ఇవ్వడం చిన్న సంగతి కాదు. పాపం ఇద్దరిదీ, గౌరవం ఒక్కడిదే. గ్రే అడుగుతున్నది ఆ లెక్క సరిచేయమనే. ఇంకోచోట సారాకొట్టులో కూర్చుని, మనిషి వెన్నెముకలో ఏది ఎక్కడుందో గడగడా వివరించే డాక్టరుతో గ్రే అంటాడు, నీ కళ్లు చాలా చూశాయి కానీ అర్థం చేసుకోవడం అనేది వాటిలో లేదని. హంతకుడి నోట వచ్చిన ఆ మాటకు డాక్టరు దగ్గర జవాబు లేదు. పైగా ఆ పాపకు ఆపరేషన్ చేసి తీరాలని డాక్టరును ఒత్తిడి చేసేది కూడా గ్రేనే.

ఆ పాప పాత్ర స్టీవెన్‌సన్ కథలో లేదు, సినిమావాళ్లు చేర్చింది. మామూలుగా హాలీవుడ్ ఒక కథలో జబ్బు పిల్లను చేర్చిందంటే కన్నీళ్ల కోసమే అనుకోవాలి. ఇక్కడ ఆ పిల్ల వేరే పని చేస్తుంది. ఆమె నడవాలని మనం కోరుకుంటాం. కోరుకున్నాక ఆపరేషన్ జరగాలి, దానికి శవం కావాలి. ఫెటిస్ గ్రే దగ్గరికి బయల్దేరినప్పుడు ప్రేక్షకుడి మనసు అతని వెంటే ఉంటుంది, వద్దని అనదు. కమాను కింద పాట ఆగిపోయాక మాత్రమే తాను దేన్ని కోరుకున్నాడో తెలుస్తుంది. పాట పాడే అమ్మాయికి పేరు కూడా లేదు. కుర్చీలో కూర్చున్న పాప మాత్రం పేరుతో, తల్లితో, ముద్దు మాటలతో మనకు దగ్గరైంది. ఒకరి కోసం ఇంకొకరు పోవడాన్ని ప్రేక్షకుడు ఎంత సులువుగా ఒప్పుకుంటాడో సినిమా ముందే లెక్కేసుకుంది.

వైద్యచరిత్ర ప్రకారం ఆ ఆపరేషన్ పచ్చి కల్పన అని మాత్రం ఒప్పుకోవాలి. ఈథర్ మత్తు 1846లో వచ్చింది. అదే ఎడిన్‌బరోలో జేమ్స్ సింప్సన్ క్లోరోఫాం వాడింది 1847లో. పుళ్లు కుళ్లకుండా చేసే లిస్టర్ పద్ధతి 1867 నాటిది. 1831లో మత్తు లేకుండా పసిపిల్ల వెన్నెముక కోస్తే ఆమె బతికి బట్టకట్టే అవకాశం దాదాపు లేదు. సర్జన్లు ఎక్కువగా కాళ్లూ చేతులూ తీసేయడం, పైపై గడ్డలు కోయడం లాంటి పనులే, అదీ నిమిషాల్లో ముగించి, చేసిన కాలం అది. అయినా ఈ తప్పు సినిమాకు నష్టం చేయదు. ఆపరేషన్ జరిగాక పాప లేవలేకపోతుంది. డాక్టరు లోపల కూలిపోతాడు. తర్వాతెప్పుడో గుర్రపు డెక్కల చప్పుడు వినబడితే, అది తన తెల్ల గుర్రమేమో చూడాలని ఆమె తనంతట తానే లేచి నిలబడుతుంది. కత్తి చేసిన పనిని పూర్తిచేసింది గ్రే గుర్రం మీద పిల్ల పెంచుకున్న మమకారం. గ్రే సారాకొట్టులో చెప్పిన మాట నిజమైంది.

బెలా లుగోసి సంగతి చెప్పకుండా వదలకూడదు. 'డ్రాకులా'తో వెలిగిన నటుడు, అప్పటికి ఆరోగ్యం, అవకాశాలు రెండూ దిగజారాయి. పోస్టర్ మీద పేరు పెద్దది, పాత్ర చిన్నది. డాక్టరు ఇంట్లో పనిచేసే జోసెఫ్. కార్లాఫ్, లుగోసి కలిసి కనిపించిన చివరి సినిమా ఇదే. జోసెఫ్ చాటుగా విన్న మాటలు పట్టుకుని గ్రేను డబ్బు అడగడానికి వెళ్తాడు. గ్రే కోప్పడడు. డబ్బు ఇస్తాడు, బ్రాందీ పోస్తాడు, మనిద్దరం బర్క్, హేర్‌లలా భాగస్తులమవుదామంటాడు. జోసెఫ్ లిస్బన్ నుంచి వచ్చినవాడు, ఆ పేర్లు వినలేదు. గ్రే ఆ జంట మీద కట్టిన పాట పాడి వినిపిస్తాడు. వాళ్లు ఎలా చంపేవాళ్లని జోసెఫ్ అడిగితే, ముక్కూ నోరూ మూసి చూపిస్తాడు, చెయ్యి మళ్లీ తీయడు. ఎడిన్‌బరో చరిత్ర తెలియని అమెరికా ప్రేక్షకుడికి విషయం చెప్పడం కోసం రాసిన సన్నివేశం ఇది. ఆ చెప్పడమే హత్యగా మారిపోయింది. స్క్రీన్‌ప్లే రాసేవాళ్లు ఈ ఐదు నిమిషాలు మళ్లీ మళ్లీ చూడవచ్చు.

జోసెఫ్ శవాన్ని గ్రే డాక్టరుకు కానుకగా తీసుకొస్తాడు. ఇక తట్టుకోలేక డాక్టరు గ్రేను చంపుతాడు, శవాన్ని డిసెక్షన్ బల్ల మీదికే చేరుస్తాడు. పీడ వదిలిందనుకుంటాడు. ఇక్కడ సినిమా చేసే మలుపు గమనించాలి. గ్రే పోయిన కొద్ది రోజులకే, ఒక పల్లెలో అంత్యక్రియలకు వచ్చినవాళ్లను చూసి, డాక్టరుకు తామే వెళ్లి సమాధి తవ్వుకుంటే సరిపోతుంది కదా అని తోస్తుంది. ఫెటిస్ కూడా వెంట వెళ్తాడు. గ్రే ఒక్కడు లేకపోతే అంతా బాగుంటుందన్న డాక్టరు వాదన ఆ రాత్రితో చెల్లిపోయింది. శవం కావాలి, ఇప్పుడు పార డాక్టరు చేతిలోనే ఉంది. తిరుగు ప్రయాణంలో వాన, ఉరుములు, బండి కుదుపులు. పక్కన కట్టిన శవం ఒరిగి ఒరిగి మీద పడుతుంటుంది. చక్రాల చప్పుడులో 'టాడీ, టాడీ' అని వినిపిస్తుంది. ముసుగు తీసి చూస్తే గ్రే ముఖం. గుర్రం బెదిరి బండి లోయలో పడుతుంది. ఫెటిస్ వెళ్లి చూస్తే అది వాళ్లు తవ్వి తీసిన ఆడమనిషి శవమే.

స్టీవెన్‌సన్ కథ ముగింపు వేరు. అక్కడ శవం నిజంగానే గ్రేగా మారుతుంది, ఎప్పుడో ముక్కలు చేసిన మనిషి మళ్లీ కళ్లముందుకొస్తాడు. దయ్యం కథ కాబట్టి అది సరిపోయింది. అయితే అసలు తేడా అది కాదు. ఆ కథ మొదలయ్యేది చాలా ఏళ్ల తర్వాత. పల్లెటూరి సత్రంలో తాగుబోతు ముసలివాడైన ఫెటిస్ ముందు, లండన్‌లో పేరున్న డాక్టరుగా ఎదిగిన మెక్‌ఫర్లేన్ దిగుతాడు. మంచి బట్టలు, బంగారు కళ్లద్దాలు. అంటే అంత జరిగాక కూడా పెద్దమనిషి పెద్దమనిషిగానే ఉన్నాడు, తిన్నదంతా అరిగించుకున్నాడు, చెదిరిపోయింది మనస్సాక్షి మిగిలిన కుర్రాడు. నాక్స్ మీద కేసు లేని ఊరికి ఇదే సరైన ముగింపు. హాలీవుడ్‌లో అప్పుడు నడుస్తున్న సెన్సార్ నియమావళి నేరం చేసినవాడు శిక్ష తప్పించుకున్నట్టు చూపించనివ్వదు. కాబట్టి డాక్టరు చావాల్సిందే. ఫెటిస్ మాత్రం లాంతరు పట్టుకుని చీకట్లోంచి నడిచిపోతాడు. తెరమీద హిప్పోక్రటీస్ పేరుతో ఒక వాక్యం వస్తుంది, నేర్చుకునే దారులన్నీ చీకట్లో మొదలై వెలుగులోకి వెళ్తాయని. ఇంత పదునైన సినిమాకు ఆ వాక్యం ఒక మందు పూత. పాట పాడే అమ్మాయి లెక్క అందులో ఎక్కడా లేదు.

1831 గురించి ఇంకో సంగతి ఉంది, సినిమాలో కనిపించదు. ఆ ఏడాది నవంబరులోనే లండన్‌లో ఇద్దరు ముగ్గురు మనుషులు కింగ్స్ కాలేజీకి ఒక కుర్రాడి శవాన్ని అమ్మకానికి తెచ్చారు. శవం మరీ తాజాగా ఉండటం చూసి కాలేజీ పనివాడికి అనుమానం వచ్చింది. అనాటమీ చెప్పే రిచర్డ్ పార్ట్రిడ్జ్ 50 పౌండ్ల నోటుకు చిల్లర తెప్పిస్తానని వాళ్లను కూర్చోబెట్టి పోలీసులను పిలిపించాడు. బిషప్, విలియమ్స్ అనే ఇద్దరిని డిసెంబరు 5న ఉరితీశారు. ఒక్క ప్రశ్న వేస్తే చాలు, దొంగలు దొరుకుతారని అక్కడ రుజువైంది. నాక్స్ దగ్గర 16 సార్లు వేయని ప్రశ్న అది.

ఆ కేసు తర్వాత 1832లో అనాటమీ చట్టం వచ్చింది. అంతకు ముందు 1828లోనే పార్లమెంటు కమిటీ ఒకటి ఈ విషయం విచారించింది. కావాలనుకుంటే ఎంత పెద్దవాడి శవమైనా తెప్పించుకోగలనని సర్జన్ ఆస్ట్‌లీ కూపర్ ఆ కమిటీ ముందే చెప్పాడు. పెద్దవాళ్లకూ భయం పట్టుకున్నాక చట్టం కదిలింది. హంతకుల శవాలను కోసే శిక్ష రద్దయింది. దాని బదులు, పేదల ఆశ్రయ గృహాల్లో, ఆసుపత్రుల్లో చనిపోయి ఎవరూ అడగడానికి రాని వాళ్ల శవాలు మెడికల్ స్కూళ్లకు ఇవ్వవచ్చని రాశారు. 80 ఏళ్లపాటు హంతకులకు వేసిన శిక్ష అంత్యక్రియలకు డబ్బులేని వాళ్ల మీదికి మారింది. పేదవాళ్లు దాన్ని అలాగే అర్థం చేసుకున్నారు, కొన్నిచోట్ల అల్లర్లు కూడా జరిగాయి. ఆ చట్టం రాకముందే తన శరీరాన్ని డిసెక్షన్‌కు ఇవ్వాలని వీలునామా రాసిన తత్వవేత్త జెరెమీ బెంథామ్ అదే 1832లో చనిపోయాడు. పెద్దింటివాళ్లలో ఆయన బాట పట్టినవాళ్లు చాలా తక్కువ.

బ్రిటిష్ పాలనలో మొదలైన మన మెడికల్ కాలేజీలకూ అదే పద్ధతి వచ్చింది. కలకత్తాలో మధుసూదన్ గుప్తా 1836లో మొదటి డిసెక్షన్ చేసినప్పటి నుంచి చాలాకాలం బల్ల మీదికి చేరింది ప్రధానంగా అనాథ శవాలే. ఇప్పటికీ రాష్ట్రాల అనాటమీ చట్టాల్లో ఆ నిబంధన ఉంది. కలకత్తా కేంద్రంగా విదేశాలకు అస్థిపంజరాల ఎగుమతి 1985లో నిషేధించేదాకా నడిచింది. ఆ ఎముకలు ఎవరివని కొన్న కాలేజీలు ఆరా తీసిన దాఖలాలు అరుదు. శరీరదానం మన దగ్గర మెల్లగా పెరుగుతోంది. 2024 సెప్టెంబరులో సీతారాం ఏచూరి చనిపోయినప్పుడు కుటుంబసభ్యులు ఆయన దేహాన్ని ఢిల్లీ ఎయిమ్స్‌కు అప్పగించారు. అనాటమీ విభాగాలు కోరుకునేది ఇలాంటి శవాన్నే: పేరు ఉంటుంది, సంతకం ఉంటుంది, ఎక్కడినుంచి వచ్చిందో అందరికీ తెలుస్తుంది.

సినిమాకు తిరిగొస్తే, ఫెటిస్ ఆ లాంతరుతో ఎడిన్‌బరో చేరి చదువు పూర్తిచేసి ఉంటే, 1832 తర్వాత అతనికి గ్రేతో పని పడేది కాదు. వీధిలో పాడే అమ్మాయి ఏ చలికాలంలోనో జబ్బుచేసి పేదల ఆసుపత్రిలో పోయినా, అడగడానికి ఎవరూ రాకపోతే, ఒక కాగితం మీద అధికారి సంతకంతో పట్టపగలే అతని బల్ల మీదికి వచ్చేది.